ఒక్కయేటి పంటయు, పదియేండ్ల సగటును

మన దేశమున వాటాల వ్యాపారము నేడు బొంబాయి, కలకత్తా నగరములయందలి కొలదిమంది శ్రీమంతుల పనిగా నిలిచియుండలేదు. 2022 ఆగష్టునందు డీమాటు ఖాతాల సంఖ్య 10 కోట్లు దాటెను. 2024 మార్చి ముగియునాటికి అది 15 కోట్లను మించెను. ఆ మరుసటి నెలయందే, నెలసరి వాయిదాల మూలమున మ్యూచువల్ ఫండులలోనికి వచ్చిన సొమ్ము మొట్టమొదటిసారిగా ఒక్కనెలలో 20,000 కోట్ల రూపాయలను దాటినది. అంతియగాదు, ఉద్యోగుల భవిష్యనిధి సంస్థ 2015 ఆగష్టు మొదలు తనకు వచ్చు క్రొత్తసొమ్ములో కొంత భాగమును వాటాల సూచికల ననుసరించు ఫండులయందు నిలుపుచు వచ్చినది. కావున వాటా యనగా నేమో యెన్నడును విచారింపని మిల్లు కార్మికుని ముసలితనపు బత్తెము సైతము కొంతవఱకు వాటాల ధరలకు ముడివడియున్నది. పొలము విక్రయించిన సొమ్మును, ఉద్యోగవిరమణనాడు చేతికందిన మొత్తమును, ఆడపిల్ల పెండ్లికై కూడబెట్టిన పైకమును ఈ సంతకు తెచ్చువారు మన జిల్లాలయందును పెక్కురు గలరు.

ఇందఱు ఇంత సొమ్మును ఏ కొలబద్దను చేతబట్టుకొని వెచ్చించుచున్నారు? దళారులు, పత్రికలు, ఫోనులయందలి వ్యాపార యంత్రములు అందఱును చూపునది ఒక్కటే అంకె. వాటా ధరను, ఆ వాటాకు గడచిన పండ్రెండు మాసములలో వచ్చిన లాభముచేత భాగించిన యెడల వచ్చు సంఖ్య అది. ధర 200 రూపాయలు, లాభము 10 రూపాయలైనచో వాటా 20 రెట్లకు అమ్ముచున్నదందురు. రెట్లు తక్కువైన చవుక యనియు, ఎక్కువైన ప్రియమనియు లోకమున వాడుక. ఈ కొలతయందు తప్పు లేదు. కొలుచుటకు గైకొన్న వస్తువునందే తప్పున్నది. ఒక్కయేటి లాభము కంపెనీ శక్తిని తెలుపజాలదు. కొన్ని సమయములందు అది సత్యమునకు సరిగా వ్యతిరేకమైన సాక్ష్యమును చెప్పును. ఎట్లు చెప్పునో, దానికి మాఱుగా నేది పట్టవలెనో ఈ వ్యాసమున విచారింప నెంచితిమి.

ఈ విషయము మన రైతునకు ఎవరును బోధింప నక్కఱలేదు. కృష్ణకు సకాలమున నీరు వచ్చి, తెగులు సోకక, ధర పలికిన యేట ఎకరమునకు వచ్చిన రాబడిని చూపి, దానికి ఇన్ని రెట్లు కట్టి పొలము కొనుమని యెవడైన ననిన, రైతు నవ్వి యూరకుండును. తుపాను వచ్చిన యేడేమి, కాలువ కట్టివేసిన యేడేమి, ధాన్యము కొనువాడు లేని యేడేమి అని యతడడుగును. పది పంటల మంచిచెడ్డలను కలిపి, ఏటికి సగటున ఏమి మిగులునో చూచి, అప్పుడు ధర నిర్ణయించును. వెనుక చెన్నపురి రాజధానియందు రైతువారీ సెటిల్మెంటు చేసిన అధికారులు సైతము శిస్తు నిర్ణయించునపుడు ఒక్కయేటి ధాన్యపుధరను గైకొనలేదు. ఇరువది సంవత్సరముల ధరలకు సగటు కట్టిరి. కరవు సంవత్సరములందు ధరలు మితిమీరియుండును గనుక వానిని లెక్కనుండి తొలగించిరి. ఋతువుల వైషమ్యమునకని పంట అంచనానుండి మఱికొంత తీసివేసిరి. పన్ను పెంచుకొనుటయందు ప్రీతిగల ప్రభుత్వమే ఈపాటి జాగ్రత్త చూపగా, తన సొమ్మును తానే వెచ్చించు గృహస్థు అంతకంటె తక్కువ జాగ్రత్తతో నుండుట తగునా?

వాటాల విషయమున ఈ బుద్ధి పాశ్చాత్యులకు దెబ్బతిన్న పిమ్మటనే కలిగెను. 1929 సెప్టెంబరు 3వ తేదీన 381 దగ్గర నుండిన అమెరికా డౌజోన్సు సూచిక 1932 జులై నాటికి 41కి పడిపోయెను. మఱల 381ని చేరుటకు 1954 నవంబరు వఱకు కాలము పట్టెను. ఆ విపత్తునందు తానును నష్టపడిన బెంజమిన్ గ్రాహము, కొలంబియా విశ్వవిద్యాలయమున తన సహచరుడగు డేవిడ్ డాడ్డుతో కూడి, 1934లో ‘సెక్యూరిటీ అనాలిసిస్’ అను గ్రంథమును ప్రకటించెను. లాభమును ఒక్కయేటికిగాక అయిదేండ్లకు తక్కువగాకుండ, వీలైనచో ఏడు లేక పదియేండ్లకు సగటు కట్టవలెనని వారందు విధించిరి. మంచియేడు మంచియేటి లాభమును చూపి ధరను పెంచుటయు, చెడ్డయేడు చెడ్డయేటి లాభమును చూపి తగ్గించుటయు, ఒకే సంగతిని రెండుమాఱులు లెక్కించుట వంటిదని వారి యభిప్రాయముయొక్క సారము.

దీనికి మఱియొక మెట్టు చేర్చినవారు జాన్ కాంబెల్, రాబర్టు షిల్లరు అను అర్థశాస్త్రజ్ఞులు. 1988లో ప్రకటించిన పరిశోధనయందు వారు వెనుకటి లాభములను ఉన్నవి యున్నట్లు కూడలేదు. ప్రతియేటి లాభమును ధరలసూచికనుబట్టి నేటి ద్రవ్యములోనికి మార్చి, ఆ పిమ్మట పదియేండ్లకును, ముప్పదియేండ్లకును సగటు కట్టిరి. ఇందు పదియేండ్ల సగటే తరువాత లోకమున ప్రసిద్ధి కెక్కినది. షిల్లరునకు 2013లో మఱి యిద్దఱితోపాటు ఆర్థికశాస్త్రమున నోబెలు బహుమాన మీయబడినది.

ద్రవ్యపు విలువను సవరించుట యేల యని యడుగవచ్చును. మన దేశమున 2012ను 100గా గొన్న చిల్లరధరల సూచిక 2021-22 నాటికి 160 దాటెను. అనగా 2012లో 10 రూపాయలు కొన్న సరకును కొనుటకు ఆనాటికి 16 రూపాయలు కావలసివచ్చెను. ఒక కంపెనీ వాటాకు లాభము ఈ నడుమ 10 రూపాయలనుండి 16 రూపాయలకు పెరిగెననుకొందము. పైకి చూడ అది నూటికి అఱువది వంతున వృద్ధి. నిజమునకు అది ఉన్నచోటనే నిలిచియున్నది. మఱియొక కంపెనీ పదియేండ్లును 10 రూపాయలు తప్పక సంపాదించెననుకొందము. స్థిరమైన కంపెనీ యని దానిని మెచ్చుకొందురు. నిజమునకు అది యేటేట క్షీణించుచున్నది. వెనుకటి రూపాయలను సవరింపక సగటు కట్టినచో మొదటి కంపెనీకి 13 రూపాయలు రాదు. సవరించి కట్టినచో 16 వచ్చును. ధర 320 రూపాయలైన యెడల మొదటి లెక్కప్రకారము 25 రెట్లు, రెండవ లెక్కప్రకారము 20 రెట్లు. సగటు మాత్రము కట్టి ద్రవ్యపు విలువను మఱచినవాడు నిలకడగల కంపెనీని ప్రియమని విడిచిపెట్టును. తాతలనాటి క్రయపత్రమునందలి రూపాయలను నేటి రూపాయలతో సమానముగ నెంచువాని కెట్టి పొరపాటు కలుగునో, ఇదియు నట్టిదే.

ఈ కొలతతో అమెరికా వాటాల చరిత్రను చూచిన గొప్ప సంగతులు కనబడును. 1881 మొదలుకొని లెక్కింపగా దీర్ఘకాలపు సగటు 16, 17 రెట్ల ప్రాంతమున నున్నది. 1929 సెప్టెంబరున అది 32 దాటెను. 1932 నడుమ 6కు లోబడెను. 1982 వేసవియందు 7కు లోపల నుండెను. 1999 డిసెంబరున 44ను చేరెను. ఒక్కయేటి లెక్క యెంత మోసము చేయునో 2009వ సంవత్సరము చక్కగా చూపినది. బ్యాంకుల పతనముచేత అమెరికా కంపెనీల లాభములు దాదాపు మాసిపోగా, భాజకము చిన్నదై, ఒక్కయేటి లాభమునుబట్టి కట్టిన నిష్పత్తి ఆ సంవత్సరము నడుమ నూటిని మించెను. దానిని నమ్మినవాడు వాటాలు మున్నెన్నడు లేనంత ప్రియముగ నున్నవని పరుగెత్తవలసినదే. ఆ సంవత్సరము మార్చిలో పదియేండ్ల లెక్క 13ను మాత్రమే చూపుచుండెను. కొనుటకు గడచిన రెండు దశాబ్దములలో అంత అనుకూలమైన కాలము లేదు.

ఇంతవఱకు సూచికల మాట. ఒక్కొక్క కంపెనీ విషయమున ఈ పద్ధతి యెట్లు పనిచేయునో చూచుటకు మన దేశపు ఉక్కు కంపెనీనే గైకొందము. 1907లో టాటా ఉక్కు కంపెనీని స్థాపించినపుడు లండనులో మూలధనము దొరకక, బొంబాయిలో వాటాలు ప్రకటింపగా, మూడు వారములలో సుమారు ఎనిమిదివేలమంది భారతీయులు మొత్తము సొమ్మును సమకూర్చిరి. ఆ వాటాదారుల వారసులలో ఉక్కు వ్యాపారపు స్వభావమును తెలియనివారుండరు. మొదటి మహాయుద్ధమున గిరాకి మిక్కుటమయ్యెను. యుద్ధానంతరమున విదేశపు ఉక్కు చవుకగా దిగి, 1924లో కంపెనీ మునుగునంత పనియయ్యెను. దొరాబ్జీ టాటా తన స్వంత ఆస్తిని కుదువబెట్టి దానిని నిలబెట్టెను. ఆ యేడే రక్షణసుంకపు చట్టమును వచ్చెను. ఏడేండ్లు కలిమి, ఏడేండ్లు లేమి యన్నట్లు నడచుట ఉక్కు వ్యాపారమునకు పుట్టుకతో వచ్చిన గుణము.

ఇప్పుడీ కంపెనీ యొక్క సమష్టి లెక్కలను చూడుడు. 2012-13లో 7,000 కోట్ల రూపాయలకు పైగా నష్టము. 2014-15లో 3,900 కోట్లకు పైగా నష్టము. 2016-17లో మఱల 4,000 కోట్లకు పైగా నష్టము. 2017-18లో 17,000 కోట్లకు పైగా లాభము. ఇందు బ్రిటనునందలి పింఛను నిధి సవరింపువలన గలిగిన లెక్కల లాభమును గలదు. 2020-21లో సుమారు 8,190 కోట్ల లాభము. ఇక 2021-22లో, కోవిడు మహమ్మారి తరువాత లోకమంతట ఉక్కుధరలు పెరుగుటచేత, 41,749 కోట్ల లాభము వచ్చెను. అట్టి లాభము ఆ కంపెనీ చరిత్రలోనే లేదు.

2022 మార్చి ముగియునాటికి దాని వాటాలన్నిటి వెల సుమారు 1,60,000 కోట్లు. ఆ సంవత్సరపు లాభముతో భాగించిన 4 రెట్లకు లోపు. అంతటి పెద్ద కంపెనీ నాలుగేండ్ల లాభమునకు లభించుచున్నదన్న మాట విని, ఊరకుండగల వారెవరు? ఫోనుయంత్రములందు ఆ అంకె ‘చవుకవాటాల’ పట్టికల తలమీద నిలిచినది. 2012-13 మొదలు 2021-22 వఱకు పదియేండ్ల లాభనష్టములను కలిపి సగటు కట్టిచూచినచో, ఏటికి వచ్చునది సుమారు 6,000 కోట్లు. ఆ లెక్కప్రకారము ధర 25 రెట్ల ప్రాంతమున నున్నది. ఒకే దినమున, ఒకే ధరకు, ఒక కొలత 4 అనియు, మఱియొక కొలత 25 అనియు చెప్పినవి. ఈ కంపెనీ విషయమున ద్రవ్యపు విలువను సవరించినను అంకె అంతగా మారదు. ఏలయన తొలియేండ్ల నష్టములును, నడిమియేండ్ల లాభములును రెండును పెరిగి యొండొంటిని సరిపెట్టును. సంవత్సరములను కలుపుటయే యిందు ముఖ్యము.

పిమ్మట నేమి జరిగెను? 2022 మే మాసమున కేంద్రప్రభుత్వము ఉక్కు ఎగుమతులపై సుంకము విధించి నవంబరున తీసివేసెను. లోకమున ధరలు దిగెను. 2022-23లో లాభము 8,075 కోట్లకు తగ్గెను. బ్రిటనునందలి కర్మాగారపు భారముచేత 2023-24లో 4,910 కోట్ల నష్టము వచ్చెను. ‘నాలుగు రెట్ల’ వాటా రెండేండ్లలో రెట్లే కట్టరాని వాటా యయ్యెను. పదియేండ్ల సగటు చెప్పినదే నిజమునకు దగ్గరగా నుండెను.

అయితే పాఠకులకు మేము అర్ధసత్యమును చెప్పరాదు. లాభము తగ్గిన 2022-23లో వాటా ధర దిగినది గాని, నష్టము వచ్చిన 2023-24లోనే అది హెచ్చి, 2022 మార్చినాటి ధరను మించినది. సంత వెనుకటి యేడును చూడదు. రాబోవు కాలమును ఊహించును. కావున ఈ కొలత మరుసటి సంవత్సరపు ధరను చెప్పు జ్యోతిషము కాదు. షిల్లరును, కాంబెలును 1996 డిసెంబరు 3వ తేదీన అమెరికా కేంద్రబ్యాంకు పాలకుల యెదుట తమ లెక్కలను చూపిరి. రెండు దినములకు ఆ బ్యాంకు అధ్యక్షుడు గ్రీన్‌స్పాను వాటాల ధరలయందలి హేతువులేని యుత్సాహమునుగూర్చి తన ప్రసంగమున ప్రశ్నించెను. అప్పుడు ఎస్.అండ్.పి. సూచిక 740 ప్రాంతమున నుండెను. 2000 మార్చి నాటికి అది 1,527కు పెరిగెను. మూడేండ్లకు పైగా హెచ్చరించినవారే నవ్వులపాలైరి. 2009 మార్చి 9వ తేదీన అదే సూచిక 676 వద్ద నిలిచెను. నడుమ వచ్చిన లాభాంశములను విడిచిన, పండ్రెండేండ్ల పిమ్మట అసలు ధర హెచ్చరించిన నాటికంటె తక్కువ. పదియేండ్ల సగటు పదియేండ్లకే మాట యిచ్చును గాని పది మాసములకు గాదు.

ఈ పద్ధతిపై పెద్దలు చెప్పిన ఆక్షేపణలును గలవు. వానిని దాచుట న్యాయము గాదు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు జెరెమీ సీగెలు, ఆస్తుల విలువ తగ్గినపుడు ఆ నష్టమును వెంటనే లాభమునుండి తీసివేయవలెనన్న క్రొత్త లెక్కల నియమములచేత నేటి లాభములు వెనుకటి లాభములకంటె తక్కువగ కనబడుచున్నవనియు, అందుచే ఈ కొలత వాటాలను ఉన్నదానికంటె ప్రియముగ చూపుచున్నదనియు వాదించెను. కంపెనీలు లాభాంశము పంచుటకు బదులు తమ వాటాలను తామే కొని రద్దుచేయుటచేత వాటా యొక్కంటికి లాభము వేగముగ పెరుగుచున్నదనుట మఱియొక ఆక్షేపణ. దీనిని గమనించి షిల్లరే తన లెక్కను సవరించి మఱియొక రూపమున ప్రకటించెను. వడ్డీరేట్లు తక్కువగ నున్నపుడు జనులు ఎక్కువ రెట్లిచ్చుట సహజమనుటయు సబబే.

ఒక్కొక్క కంపెనీ విషయమున మఱికొన్ని చిక్కులు గలవు. పదియేండ్లనాటి కంపెనీయు నేటి కంపెనీయు పేరున నొకటియైనను వస్తువున వేఱు కావచ్చును. టాటా ఉక్కు కంపెనీ 2007లో తనకంటె ఉత్పత్తియందు ఎన్నోరెట్లు పెద్దదైన కోరస్ కంపెనీని సుమారు 1,200 కోట్ల డాలర్లకు కొనెను. 2018లో భూషణు ఉక్కు కంపెనీని చేర్చుకొనెను. కోరస్ కొనుగోలే ఒక పాఠము. ఉక్కుధరలు ఉచ్ఛస్థితిలో నున్న కాలమున కుదిరిన ఆ వెల తాలూకు భారమే 2012-13 నష్టమునకు పెద్ద కారణము. వ్యాపారమున ఆఱితేరినవారు సైతము మంచియేండ్ల లెక్కకు లోబడుదురన్న మాట. క్రొత్తగ పెరుగుచున్న కంపెనీకి పదియేండ్ల సగటు అన్యాయము చేయును. మొక్క కాపును చెట్టు కాపుతో కలిపి సగటు కట్టుటవంటిది అది. ఉక్కు, సిమెంటు, చక్కెర, బ్యాంకులు మున్నగు ఎత్తుపల్లములుగల వ్యాపారములకే యిది బాగుగ నప్పును. కంపెనీ నడుమ క్రొత్తవాటాలు జారీచేసియుండిన, మొత్తము లాభమునుగాక వాటా యొక్కంటి లాభమునే లెక్కింపవలెను.

అన్నిటికంటె పెద్ద చిక్కు వేఱొకటి గలదు. అది మన తెలుగువారికి చేదు జ్ఞాపకము. 2009 జనవరి 7వ తేదీన హైదరాబాదునందలి సత్యం కంప్యూటర్స్ అధ్యక్షుడు, పుస్తకములలో చూపిన నగదులో 5,040 కోట్లు లేనేలేదని తానే వ్రాసియిచ్చెను. ఒక్కదినమున వాటా ధర మూడువంతులకు పైగా పడిపోయెను. అంతవఱకు ఏటేట చూపిన లాభములకు ఎన్నియేండ్ల సగటు కట్టిన నేమి? అబద్ధపు అంకెల సగటు అబద్ధమే. లాభములతోపాటు నగదు నిజముగ వచ్చుచున్నదా, లాభాంశము చేతికి అందుచున్నదా యని చూడక, సగటును మాత్రము నమ్మరాదు.

ఇట్టి పరిమితులున్నను, సామాన్యునకు ఈ కొలత అందుబాటున నుండవలెనన్నదే మా వాదము. ప్రస్తుతపు ఏర్పాట్లు దానికి అనుకూలముగ లేవు. క్రొత్తగ వాటాలను ప్రజలకు విక్రయింపగోరు కంపెనీ, పూర్వము తన విజ్ఞాపనపత్రమున అయిదేండ్ల సవరించిన లెక్కలను చూపవలసియుండెను. సెబీవారు 2018లో చేసిన నిబంధనలచేత అది మూడేండ్లకు తగ్గింపబడెను. అమ్ముకాలమును నిర్ణయించువాడు అమ్మువాడే. ఏ కంపెనీయు తన చెడ్డకాలమున వాటాలు అమ్మజూపదు. మూడు మంచియేండ్లు గడచిన పిమ్మటనే అది సంతకు వచ్చును. కొనువానికి ఆ మూడేండ్లే చూపబడును. కరవు సంవత్సరములను తొలగించి సగటు కట్టిన సెటిల్మెంటు అధికారిని పైని చెప్పితిమి. అతడు తొలగించినది మితిమీరిన ధరను. దానివలన శిస్తు తగ్గెను. ఇచ్చట తొలగిపోవుచున్నది మితిమీరిన నష్టము. దానివలన వెల పెరుగును. పద్ధతి యొకటే, భారము మాత్రము కొనువానిపై పడినది.

వాటాసంతల అధికారులు ప్రకటించు నిష్పత్తియు ఇట్లే యున్నది. జాతీయ వాటాసంతవారు నిఫ్టీ సూచిక యొక్క ధర-లాభ నిష్పత్తిని 2021 మార్చి వఱకు అనుబంధ కంపెనీల లాభమును కలుపక లెక్కించిరి. ఆ పిమ్మట కలిపి లెక్కించుచున్నారు. మార్పు మంచిదే. అయితే మార్పు జరిగినపుడు నిష్పత్తి ఒక్కసారిగా 40 ప్రాంతమునుండి 33 ప్రాంతమునకు దిగినది. వాటాలు చవుకయైనవి గావు, లెక్క మారినది. వెనుకటి అంకెలతో నేటి అంకెలను పోల్చిచూచువాడు మోసపోవును. పదియేండ్ల లాభములను ఒకే పద్ధతిని లెక్కించి, చిల్లరధరల సూచికతో సవరించి, సగటును ప్రతిమాసము ప్రకటించుట వాటాసంతలకు కష్టసాధ్యమైన పని గాదు. అంకెలన్నియు వారియొద్దనే యున్నవి.

కావున మేము కోరునవి మూడు. క్రొత్తవాటాల విజ్ఞాపనపత్రమున, కంపెనీ వయస్సు అంతయున్న యెడల, పదియేండ్ల లాభనష్టములు ఒక్కపుటలో చూపబడవలెను. ఫోనులయందును పత్రికలయందును ఒక్కయేటి నిష్పత్తిని చూపుచోట, దాని ప్రక్కనే పదియేండ్ల సవరించిన నిష్పత్తియు చూపబడవలెను. అసాధారణ నష్టములని పేరుపెట్టి తీసివేసిన అంకెలు ఎన్నియేండ్లకొకమాఱు వచ్చుచున్నవో వాటాదారునకు తెలియవలెను. ఏటేట వచ్చునది అసాధారణ మెట్లగును?

ప్రభుత్వము చేయువఱకు గృహస్థు ఊరకుండ నక్కఱలేదు. పెద్ద కంపెనీల వార్షిక నివేదికలు వారి వారి తావులలో ఉచితముగ లభించును. పది నివేదికలు, ఒక కాగితము, ధరలసూచిక యంకెలు పది ఉన్నచో, కూడికలు గుణకారములు తెలిసిన పిల్లవాడు సైతము ఒక సాయంకాలమున ఈ లెక్కను పూర్తిచేయగలడు. ఏటికేటి లాభమును వాటా యొక్కంటికి వ్రాయవలెను. నేటి సూచికను నాటి సూచికచే భాగించి దానితో గుణింపవలెను. పదియు కూడి పదిచే భాగింపవలెను. వచ్చినదానితో ధరను భాగింపవలెను. ఆ సంఖ్య కొనుమనియో మానుమనియో ఆజ్ఞాపింపదు. తాను ఏ యేటి పంటను చూచి మోజుపడుచున్నాడో మాత్రము కొనువానికి చూపును.

సెబీవారు 2024 సెప్టెంబరున ప్రకటించిన పరిశోధన యొకటి గలదు. ఫ్యూచర్లు, ఆప్షనులు అను వాయిదా బేరములలో 2021-22 మొదలు మూడు సంవత్సరములందు దిగిన సామాన్యులలో నూటికి 93 మంది నష్టపోయిరనియు, వారు పోగొట్టుకొన్న మొత్తము 1,80,000 కోట్లను మించెననియు అందు తేలెను. ఆ సొమ్ము ఎవరి పొలములది, ఎవరి జీతములది? మధ్యాహ్నమున కొని సాయంకాలమున అమ్మువానికి పదియేండ్ల సగటుతో పనిలేదు. అతడు కంపెనీలో వాటాను గాక, అంకెల ఆటలో పందెమును కొనుచున్నాడు. పొలము అమ్మి వాటా కొనువాడు మాత్రము, పొలమును ఏ కన్నుతో చూచెనో వాటాను నా కన్నుతోనే చూడవలెను. గట్టుమీద నిలిచి, పచ్చగానున్న ఈ యేటి చేనును మెచ్చుకొని, వెనుకటి పదియేండ్లు ఇచ్చట నేమి పండినదని ప్రక్కచేనివాని నడుగుట మన పెద్దల యలవాటు. ఆ ప్రశ్నను మఱవకుండినచాలును.